ఉలూక సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఎక్సీడ్స్ ఎక్స్‌పెక్టేషన్స్."

అవతారిక: హ్యారీ పాటర్ చదివిన హాగ్వార్ట్స్ మాంత్రిక విద్యాలయంలో అయిదో ఏడు చివర రాసే పరీక్ష ఆర్డినరీ విజార్డింగ్ లెవెల్. పొడి అక్షరాల్లో ఔల్, అనగా గుడ్లగూబ. ఆ ఫలితాల పత్రంలో రెండో శ్రేణి పేరు పై మూలం. పాసు, ఫెయిలు సుబోధాలు కనుక వదిలేశాను. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మన మెదక్ సీమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ఉలూక విచారం: గుడ్లగూబ అనగానే ముఖం తిప్పుకోకూడదు. వైశేషిక దర్శనానికి ఔలూక్యమని మరో పేరు, కణాదుడే ఉలూకుడు. ఆయన చెప్పిన పదార్థాలు ఆరు. హాగ్వార్ట్స్ శ్రేణులూ ఆరే: గట్టెక్కినవాళ్లకు మూడు, మునిగినవాళ్లకు మూడు. అట్టడుగుది ట్రోల్, అంటే రాక్షసుడు. తర్వాతివాళ్లు ఏడో పదార్థంగా అభావాన్ని చేర్చారు. చరిత్ర పరీక్ష మధ్యలో కుప్పకూలిన హ్యారీకి అదే ఇవ్వాల్సింది, డ్రెడ్‌ఫుల్‌తో సరిపెట్టారు. ఇక భారతంలో శకుని కొడుకు ఉలూకుడు. యుద్ధానికి ముందు దుర్యోధనుడి ఎత్తిపొడుపులన్నీ పాండవులకు మోసుకెళ్లిన దూత అతనే. హ్యారీ ఫలితాలు తెచ్చినవీ గుడ్లగూబలే! సౌప్తిక పర్వంలో నిద్రపోతున్న కాకులను చంపే గుడ్లగూబను చూసే కదా అశ్వత్థామకు ఆ పాడు ఆలోచన పుట్టింది. పంచతంత్రంలో కాకోలూకీయమని ఒక తంత్రమే ఉంది, అందులో కాకులు... ఎక్కడున్నాం? రెండో శ్రేణి దగ్గర.

ప్రతిపదార్థం: ఎక్సీడ్స్ = మించును. దేన్ని? ఎక్స్‌పెక్టేషన్స్‌ను, అనగా ఆకాంక్షను. ఎవరి ఆకాంక్షను? మూలం పలకదు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని తర్కసంగ్రహంలో అన్నంభట్టు తేల్చాడు. నిప్పుతో తడపడం యోగ్యత లేని మాటకు ఉదాహరణ. (మంత్రదండం చేతిలో ఉంటే అదీ కుదురుతుందేమో, పండితులు విచారించాలి.)

ఆ ఆకాంక్ష పరీక్షకుడి ప్రతిబింబమేనని కొందరి మతం. జ్యోతిషం పరీక్షలో హ్యారీ స్నేహితుడు రాన్ స్ఫటికగోళంలోకి చూస్తూ, ముక్కు మీద పులిపిరి ఉన్న అనాకారి కనిపిస్తున్నాడని వర్ణించుకుంటూ పోయాడు. తలెత్తితే ఎదురుగా ఆ పరీక్షకుడే!

మించాక మళ్లీ పైన ఇంకో మెట్టు ఎందుకో నాకైతే అంతుపట్టలేదు. వాళ్ల స్నేహితురాలు హెర్మయనీకి తొమ్మిదింటిలో అవుట్‌స్టాండింగ్, ఒక్కదాంట్లో ఈ రెండోది. ఆ ఒక్కదానికే పిల్ల ముఖం చిన్నబోయింది.

తాత్పర్యం: ఏమాటకామాటే. అక్కడ మార్చ్‌బ్యాంక్స్ లాంటి ముసలమ్మ బయటినుంచి వచ్చి, ఎదురుగా కూర్చుని దండం ఊపించి మరీ చూస్తుంది. పొద్దున రాత, మధ్యాహ్నం చేత. మా వీధి చివర, గేటు మీద భూగోళం బొమ్మ పెట్టుకున్న ఇంటర్నేషనల్ స్కూల్లో అదీ లేదు. మొన్న నాలుగో క్లాసు మనవరాలి కార్డులో లెక్కలకు ఎదురుగా సరిగ్గా పై మూలమే కనిపించింది.

"ఎన్ని మార్కులమ్మా?" అన్నాను.

"మేం మార్కులు చూడమండీ తాతగారూ" అంది టీచరమ్మ.

ఫీజు మాత్రం అంకెల్లోనే చూస్తారు. ఇంటికొచ్చి పిల్లను ఎక్కం అడిగాను.

ఏడెనిమిదులు యాభై నాలుగట.