ఏడో బారులో ప్రొఫెసరు గారు

“ఏడో బారు దగ్గరే ఉండిపోయాం, నువ్వు తినెయ్” అని ఫోన్ వస్తే ప్రొఫెసరు గారి భార్య కంగారుపడదు. ఈ బారులో సీసాలుండవని ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. స్వరాలు రాసిన కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య ఉండే ముక్కే బారు. వాయిస్తే రెండు సెకన్లు. ఆయన నేర్పితే 50 నిమిషాలు.

ఈ తరహా మనుషులు అమెరికాలో, ఊరికంటే కాలేజీయే పెద్దదనిపించే చోట్ల కనిపిస్తారు. వాటిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. బయాలజీ కుర్రాడైనా, ఎకనామిక్స్ అమ్మాయైనా కళల్లో ఓ కోర్సు చెయ్యకుండా గట్టెక్కడం కష్టం. పద్ధతి పాతదే. మధ్యయుగపు ఐరోపాలో ఏడు విద్యలని లెక్కపెట్టినప్పుడు సంగీతాన్ని అంకగణితం, జ్యామితి, ఖగోళశాస్త్రాల పంక్తిలోనే కూర్చోబెట్టారు. ఈ సంగతి ప్రొఫెసరు గారు ఏటా బడ్జెట్ వేళ డీన్‌కు గుర్తుచేస్తారు. ఏటా కొత్త పరికరాలు ఫిజిక్స్ వాళ్లకే వస్తాయి.

ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో 1865 నుంచీ కన్జర్వేటరీ, అంటే సంగీతానికే ప్రత్యేక విభాగం, ఉంది. అలాంటి చోట పియానోకు వేరే మనుషులు, చరిత్రకు వేరే మనుషులు. మన ప్రొఫెసరు గారికి అంత భాగ్యం లేదు. పొద్దున పియానో, మధ్యాహ్నం సంగీత చరిత్ర, రెండూ ఆయన నెత్తినే. అష్టావధానంలో గంట కొట్టడానికి కనీసం ఓ మనిషిని వేరే పెడతారు. ఈయన లయ కొట్టే మెట్రోనోమ్ కూడా ఈయనే తిప్పుకోవాలి.

చిక్కల్లా పని ఎక్కువై కాదు, నడక కుదరక. పొద్దున నత్త, మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్. చర్చి సన్యాసుల పాటల దగ్గర బయల్దేరితే, 1952లో జాన్ కేజ్ ఓ పియానిస్టును ఒక్క స్వరమూ వాయించకుండా 4 నిమిషాల 33 సెకన్లు కూర్చోబెట్టిన దాకా, వెయ్యేళ్లూ ఒకే సెమిస్టరులో తేలాలి. 1808 డిసెంబర్ 22న వియన్నా జనం చలిలో నాలుగు గంటలు కూర్చుని బీథోవెన్ ఐదో, ఆరో సింఫనీలు మొదటిసారి విన్నారు. క్లాసులో ఆ రాత్రికి దక్కేది నాలుగు నిమిషాలు. బాఖ్ గారి 20 మంది పిల్లలకు కలిపి అరవాక్యం. కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారే, సెమిస్టరూ అంతే.

ఒక్క చోటే బండి ఆగుతుంది. 1705లో ఇరవయ్యేళ్ల బాఖ్, ఆర్న్‌స్టాట్‌లో చర్చి ఉద్యోగానికి నాలుగు వారాలు సెలవు పెట్టి, బుక్స్‌టెహూడె అనే విద్వాంసుడి ఆర్గన్ వినడానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని లూబెక్‌కు నడిచి వెళ్లాడు. తిరిగొచ్చింది నాలుగు నెలలకు. ఇది చెప్పేటప్పుడు ప్రొఫెసరు గారి కళ్లలో ఓ మెరుపు వస్తుంది. ఆయన సెలవు దరఖాస్తు ఏ ఫైల్లో నలుగుతోందో తెలిసినవాళ్లకే అది అర్థమవుతుంది.

చలికాలం వస్తే ఆయనకు నిద్ర కరువు. వేదిక మీది గ్రాండ్ పియానో తొమ్మిదడుగుల పొడవు, దాదాపు అరటన్ను బరువు. లోపలి తీగలన్నీ కలిసి లాగే బలం సుమారు 20 టన్నులు. ఇంతటి భీముడూ గది హీటరుకు లొంగిపోతాడు. గాలి పొడిబారితే సౌండ్‌బోర్డు చెక్క కుంచించుకుపోయి శ్రుతి జారుతుంది. మన ఆవకాయ జాడీకి తడి తగలకూడదు, ఈయన పియానోకు తడి తగ్గకూడదు. మడి మాత్రం ఒకటే. గదిలోకి రాగానే ముందు తేమ కొలిచే ముల్లు చూసి, ఆ తర్వాతే ఎదుటి మనిషిని పలకరిస్తారు.

ఇక పరీక్ష. అరనిమిషం రికార్డింగ్ వినిపించి, ఎవరిది, ఏ కాలానిది అని అడుగుతారు. పిల్లలు గడుసువాళ్లు. ఓ కుర్రాడు సింఫనీని స్వరాలను బట్టి కాదు, హాల్లో ఎవరో దగ్గిన దగ్గును బట్టి గుర్తుపట్టాడు. మార్కులివ్వక తప్పలేదు. మరుసటేడు నుంచి అన్నీ స్టూడియో రికార్డింగులే.

ఈమధ్య ఏడో బారులో ఆయనతో పాటు చిక్కుకున్నది డల్లాస్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి, చదువు కంప్యూటర్ సైన్స్. పాఠం, ‘గాడ్ సేవ్ ద కింగ్’ వరస మీద బీథోవెన్ 1803లో రాసిన ఏడు వేరియేషన్లు.

“ప్రొఫెసర్, ఇది మా అమ్మమ్మ నేర్పిన పాటే. శంకరాభరణం. దీక్షితులవారి ‘సంతతం పాహిమాం’.”

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఈస్టిండియా కంపెనీ బ్యాండువాళ్లు మద్రాసులో వాయించిన ఇలాంటి వరసలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం కట్టారనీ, వాటిని నోట్టుస్వరాలంటారనీ ఆ పిల్ల చెప్పింది. ఎప్పటి మనిషి అని అడిగారు. బీథోవెన్ కంటే ఓ ఐదారేళ్లు చిన్న, అంతే.

ప్రొఫెసరు గారు సిలబస్ తీశారు. అందులో ఖాళీ రోజన్నది లేదు. పెన్సిలు మెండెల్సన్ మీద కాసేపు, లిస్ట్ మీద కాసేపు తచ్చాడి, తాను థీసిస్ రాసిన షూమన్ దగ్గరకొచ్చి, ఉన్న రెండు రోజుల్లో ఒకటి కొట్టేసింది.

“బుధవారం క్లాసులో పాడతావా?” అన్నారు. ఆ అమ్మాయి నోరు తెరిచేలోగా, “సరే, ఎడమ చెయ్యి మళ్లీ. ఏడో బారు నుంచి.”