పెత్తనం లేని పెద్దరికం

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఎవరైనా "ఎక్కడ చేస్తున్నావు బాబూ?" అని అడిగితే కంపెనీ పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి కాదు. "మాది సర్వీస్ కంపెనీ కాదు బాబాయ్, బీమా సంస్థ సొంత కేంద్రం. మాకు క్లయింటంటూ ఎవరూ ఉండరు, మా పని మేమే చేసుకుంటాం" అని చిన్న ఉపన్యాసం తగిలించేవాణ్ణి. మా తోడల్లుడు పెద్ద సర్వీస్ కంపెనీలో డెలివరీ మేనేజర్. ఆయన వినేటట్టు చెప్పడం నాకు మరీ సరదా. "మీకేముంది అన్నయ్యా, క్లయింటు కూర్చోమంటే కూర్చోవాలి, లేవమంటే లేవాలి" అనేవాణ్ణి. ఆయన నవ్వేసి ఇంకో గారె వేయించుకునేవాడు. ఆ నవ్వుకి అర్థం బోధపడేసరికి నా జుట్టు నెరిసింది.

రాయదుర్గం మెట్రో దిగి నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తుంటే అద్దాల మేడల మీద కనిపించే పేర్లలో చాలావరకు ఇలాంటి కేంద్రాలవే. బ్యాంకులు, బీమా సంస్థలు, మందుల కంపెనీలు, పెద్ద పెద్ద దుకాణాల వాళ్లు. ఒకప్పుడు క్యాప్టివ్ అనేవాళ్లు, ఇప్పుడు గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, పొట్టిగా జీసీసీ. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, సలహా సంస్థ జిన్నోవ్ కలిసి 2024లో వేసిన లెక్క ప్రకారం దేశంలో ఇవి 1,700 పైచిలుకు. 19 లక్షల మందికి ఉద్యోగం, ఏడాదికి 6,460 కోట్ల డాలర్ల వ్యవహారం. అందులో హైదరాబాద్ వాటా 355 దాకా. ఈ అంకెలన్నీ నాకు నోటికొచ్చు. మా సంస్థ ఇక్కడి కేంద్రాన్ని పెంచాలనుకున్నప్పుడు ఆపరేటింగ్ మోడల్ తయారుచేసే పని నాకు అప్పగించింది కూడా అందుకే అయివుండాలి. అంకెలు గడగడా చెప్పేవాడికి విషయం కూడా తెలిసే ఉంటుందని పైవాళ్ల నమ్మకం. నా నమ్మకమూ అదే.

దారులు నాలుగు. సొంతంగా కంపెనీ రిజిస్టర్ చేసి మనుషుల్ని పెట్టుకోవడం ఒకటి. పనంతా సర్వీస్ కంపెనీకి అప్పజెప్పడం ఇంకొకటి. మూడోది బీఓటీ, అంటే బిల్డ్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్. వేరే సంస్థ మన కోసం మనుషుల్ని తీసుకుని, కొన్నాళ్లు నడిపి, పని గాడిలో పడ్డాక మన చేతికి ఇస్తుంది. నాలుగోది కలగలుపు: కీలకమైనది మన దగ్గర, మిగతాది బయట. ఈ నాలుగింటికీ నేనొక పట్టిక వేశాను. మనిషికి ఏడాదికయ్యే ఖర్చు, మొదలుపెట్టడానికి పట్టే సమయం, అట్రిషన్ (అంటే మానేసేవాళ్ల శాతం), అద్దె. గడులకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు కూడా వేశాను. ఏ విషయంలో చివరి మాట ఎవరిది అన్న గడి మాత్రం అందులో లేదు. లేదేమని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి పట్టిక భేషుగ్గా ఉందనుకున్నాను.

చరిత్ర మీద కూడా ఒక స్లైడు పెట్టాను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరు వచ్చింది. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. జీఈ 1997లో గురుగ్రామ్‌లో మొదలుపెట్టిన సేవల కేంద్రంలో 60 శాతం వాటా 2004లో పెట్టుబడిదారులకి అమ్మేస్తే, అదే తర్వాత జెన్‌ప్యాక్ట్ అయింది. సిటీగ్రూప్ తన కేంద్రాన్ని 2008లో టీసీఎస్‌కి అమ్మింది. మరుసటేడు యూబీఎస్ మన హైదరాబాద్‌లోని తన కేంద్రాన్నే కాగ్నిజెంట్‌కి అమ్మింది. అదే సీటు, అదే పని. నిన్నటిదాకా బ్యాంకు సొంత మనుషులు, ఇవాళ్టి నుంచి వెండర్ మనుషులు. ఇన్ని తేదీలు వరసగా పేర్చినవాణ్ణి, వాటివంక ఒక్క నిమిషం చూసి "మనల్ని కూడా ఇలా అమ్మేయొచ్చా?" అని అడగలేదు. బ్యాంకులకి ఆ రోజుల్లో డబ్బు అవసరం పడిన మాట నిజమే. అయినా కంపెనీ తన మెదడుని అమ్ముకోదు. విడదీసి కట్టగట్టి ఇచ్చేయగలిగే పనినే అమ్ముతుంది. మేం చేస్తున్నది ఏ రకం పనో తేల్చుకోవడానికి ఆ స్లైడు ఒక్కటీ చాలు. నేను దానికి బాణం గుర్తులు పెట్టి ముందుకెళ్లిపోయాను.

డబ్బు లెక్క దగ్గర నా తెలివి ఇంకాస్త వెలిగింది. ఇలాంటి కేంద్రానికి బయట అమ్మకాలుండవు. అయిన ఖర్చుకి కొంత శాతం కలిపి మాతృసంస్థకి బిల్లు వేస్తుంది. కాస్ట్ ప్లస్ అంటారు. ఆ శాతం మరీ తక్కువైతే లాభాన్ని దేశం దాటిస్తున్నారని ఆదాయపు పన్ను వాళ్లు ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ కింద నిలదీస్తారు. ఇంత శాతం చూపిస్తే ప్రశ్నలుండవనే 2017 నాటి సేఫ్ హార్బర్ నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ సేవలకి, పరిమాణాన్ని బట్టి, 17 శాతమనీ 18 శాతమనీ పెట్టారు. ఇది విని నేను మురిసిపోయాను. నష్టమన్నదే లేని వ్యాపారం! పని బాగా చేసినా అంతే వస్తుంది, అధ్వానంగా చేసినా అంతే వస్తుంది. కేంద్రం పెద్దదవ్వాలంటే ఖర్చు పెరగాలి, ఖర్చు పెరగాలంటే మనుషులు పెరగాలి. అలా హెడ్‌కౌంటే నా ఘనతకి కొలత అయిపోయింది. టౌన్‌హాల్‌లో మైకు పట్టుకుని "ఇప్పుడు మనం ఇంతమందిమి" అంటే చప్పట్లు. ఎవరి కోసం ఏం తయారుచేస్తున్నామో చెప్పిన టౌన్‌హాల్ ఒక్కటీ గుర్తులేదు. అక్కడ హెడ్ ఆఫీసు ఫైనాన్స్ వాళ్లకి మాత్రం మేం ఖర్చుల పద్దులో ఒక వరుస. ఖర్చుల పద్దులో ఉన్నదాన్ని ఏటా కాస్త కోయమనడం వాళ్ల ఉద్యోగం.

అసలు దెబ్బ ఒక ఉత్తరం దగ్గర తగిలింది. క్లెయిము తిరస్కరించినప్పుడు పాలసీదారుకి వెళ్లే ఉత్తరం అది. దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ మొత్తం హైదరాబాద్ టీముదేనని నా స్లైడులో ఉంది, "ఎండ్ టు ఎండ్ ఓనర్‌షిప్" అని బోల్డులో. మా టెస్టర్ అమ్మాయి ఒకరోజు పట్టుకుంది: అప్పీలు పంపమని చివర్లో ఇచ్చిన చిరునామా ఎప్పుడో ఖాళీచేసిన ఆఫీసుది. మార్చాల్సింది ఒకే లైను. టికెట్ వేసింది. అది ప్రొడక్ట్ ఓనర్‌కి వెళ్లింది, ఆయన అక్కడ హెడ్ ఆఫీసులో. లీగల్‌ని అడగాలన్నాడు, వాళ్లూ అక్కడే. ఈ త్రైమాసికం ప్లానులో ఇది లేదు కదా అన్నారు వాళ్లు. ఆ ప్లాను చూసే కమిటీ మన టైములో రాత్రి పదిన్నరకి కూర్చుంటుంది. ఆ కాల్‌లో నేనూ ఉన్నాను, మ్యూట్‌లో. వచ్చే త్రైమాసికంలో చూద్దామనుకున్నాక ఎవరో "హైదరాబాద్, ఓకేనా?" అన్నారు. అన్‌మ్యూట్ చేసి "ఓకే, థ్యాంక్యూ" అన్నాను. సంక్రాంతికి వాకిట్లోకొచ్చే గంగిరెద్దు కూడా అయ్యగారికి దండం పెట్టమంటేనే తల ఊపుతుంది. నేను చెప్పకముందే ఊపే రకం. ఈలోగా ఆ ఉత్తరాలు అలాగే వెళ్తున్నాయి. మనుషులే లేని ఆఫీసుకి జనం అప్పీళ్లు రాసుకుంటున్నారు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి "ఓనర్‌షిప్ మనదే కదా సార్, మనమే మార్చేస్తే ఏమవుతుంది?" అంది. ప్రాసెస్ అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పాను. ఆమె బుద్ధిగా నోట్ చేసుకుంది. కొన్నాళ్లకి రాజీనామా కూడా ఇచ్చింది. ఎగ్జిట్ ఫారంలో "మెరుగైన జీతం" దగ్గర టిక్కు పెట్టింది. నేనా టిక్కుని నమ్మి, అట్రిషన్ తగ్గాలంటే జీతాలు పెంచాలని స్లైడులో రాశాను.

ఈ గోడు తోడల్లుడి దగ్గరే వెళ్లబోసుకోవాల్సి వచ్చింది. ఆయన దెప్పలేదు. "మాకు కాంట్రాక్టు ఉంటుంది కదా. అందులో లేనిది అడిగితే చేంజ్ రిక్వెస్ట్ వేస్తాం, రేటు చెప్తాం. కుదరదని కూడా చెప్తాం. మీ దగ్గర ఏ కాగితం ఉంది?" అన్నాడు. నా దగ్గర ఏ కాగితమూ లేదు. సొంతవాళ్లమన్న మాటొక్కటే ఉంది. సొంతవాళ్లు కాబట్టి రాత్రి కాల్స్‌కి లెక్కలేదు, అర్జెంటు పనులకి రేటు లేదు, వద్దనే హక్కు లేదు. ఇన్నాళ్లూ నేను జాలిపడిన మనిషికి నాకంటే ఎక్కువ అధికారం ఉంది.

బుద్ధి రావాల్సింది, రాలేదు. ఒక విభాగానికి బీఓటీ పెట్టినప్పుడు మళ్లీ అదే వరస. చేతులు మారే రోజున ఒక్కో మనిషికి ఎంత కట్టాలి, లాప్‌టాప్‌లు ఎవరివి, లీజు ఎవరి పేరు మీద ఉండాలి, అన్నీ బేరమాడి రాయించాను. ఎవరు వస్తారో, వాళ్ల బుర్రలో ఉన్నదేమిటో అడగలేదు. రాత్రి నడిచే బ్యాచ్ జాబు ఎక్కడ ఆగుతుందో, ఆగితే ఎలా లేపాలో తెలిసిన కుర్రాడు పాత సంస్థలోనే ప్రమోషన్ తీసుకుని ఉండిపోయాడు. కుర్చీలన్నీ లెక్క ప్రకారం వచ్చాయి. మొదటి నెలాఖరుకి జాబు ఆగింది. ఆ కుర్రాడికి ఫోన్ చేసి బతిమాలుకున్నాం.

ఇన్నోవేషన్ ల్యాబ్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. రంగురంగుల గోడలు, బీన్ బ్యాగులు, రాసి చెరిపే గాజుపలకలు. హ్యాకథాన్ పెట్టాం, టీషర్టులు పంచాం, గెలిచినవాళ్లతో పెద్ద చెక్కు పట్టించి ఫోటో దిగాం. గెలిచిన ఐడియాని అమలుచేయడానికి కావలసిన డబ్బు అక్కడి బిజినెస్ హెడ్ బడ్జెట్‌లో ఉంటుంది. ఆయన్ని హ్యాకథాన్‌కి పిలవాలని నాకు తట్టలేదు. మరుసటి ఏడాది కూడా గెలిచినవాళ్లు దాదాపు అదే ఐడియాతో వచ్చారు. కొత్తగా ఉందని మెచ్చుకున్నాం.

నిర్ణయాలన్నీ ఇక్కడే జరగాలని నేను అనడం లేదు. బీమా ఉత్తరంలో ఏ మాట ఉండాలో అక్కడి చట్టం చెప్తుంది, అక్కడి లాయరు చూడాల్సిందే. కానీ చిరునామా దిద్దడానికి లాయరు అక్కర్లేదని ముందే ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. సొంత కేంద్రమా, బీఓటీనా, కలగలుపా అన్నది ఆ తర్వాతి మాట. ఏ మోడల్ ఎంచుకున్నా అది నడవాలంటే రాసుకోవాల్సినవి కొన్నున్నాయి: రిలీజ్ ఆపే అధికారం ఎవరిది, చిన్న తప్పు ఎవరినీ అడగకుండా ఎవరు దిద్దొచ్చు, ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో ఎవరిష్టం, కొత్త ఆలోచనకి పెట్టే డబ్బు ఎవరి సంతకంతో వస్తుంది. ఒక్కోదాని పక్కన ఒక్కటే పేరు ఉండాలి, కమిటీ పేరు కాదు. అందులో కొన్ని పేర్లయినా ఇక్కడ కూర్చునేవాళ్లవి కావాలి. అలా లేని కేంద్రాన్ని ఏ పేరుతో పిలిచినా అది కాంట్రాక్టు లేని వెండరే. నేను రంగులు వేసిన పట్టిక అంతటికంటే ఈ ఒక్క పేజీ విలువైనది. దాన్ని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని తెలుసుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

జీసీసీలో ఆఫరు వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను సలహా అడుగుతుంటారు. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా, అప్పుడు ఒక్కటే అడగండి: "హెడ్ ఆఫీసు చేయమన్నా, ఇక్కడివాళ్లు వద్దని ఆపిన పని ఒకటి చెప్పండి." జవాబు తడుముకోకుండా వస్తే చేరండి. రాకపోయినా చేరొచ్చు, తప్పేం లేదు. కాకపోతే జీతం కోసమే చేరుతున్నామని తెలిసి చేరండి.