కారు ఊపిరి కడిగినదాన్ని

నన్ను విప్పి బయట పడేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ దగ్గర ఒక మెకానిక్ షెడ్డు వెనకాల, తుప్పు పట్టిన సైలెన్సర్ల కుప్ప మీద తలకిందులుగా ఉన్నాను. మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా ఈ దీవిని వాన వదలదు. రాత్రి కురిసిన నీళ్లు నా గొంతులో దిగి అక్కడే నిలిచిపోయాయి. పొద్దున ఒక పెద్ద ఆఫ్రికా నత్త నా ఒంటి మీదుగా నెమ్మదిగా పాక్కుంటూ వెళ్లింది. ఒకప్పుడు నన్ను ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. ఇప్పుడు నత్త కూడా భయపడడం లేదు.

నా పేరు కెటలిటిక్ కన్వర్టర్. కారున్న వాళ్లలో చాలామందికి నేనున్నట్టే తెలియదు. ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే దారిలో, సైలెన్సర్ కంటే ముందు, ఇంజనుకి ఆనుకుని ఉండే ఉక్కు డబ్బాను నేను. డబ్బా లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాంట్లో చదరపు అంగుళానికి నాలుగు వందల దాకా సన్నటి గదులు. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే మూడు లోహాల పూత. తూకానికి వేస్తే అవి కొద్ది గ్రాములే. కానీ పూత గరుకుగా ఉండడం వల్ల ఆ కొద్దిపాటి లోహమే ఒక ఫుట్‌బాల్ మైదానమంత మేర పరుచుకుని ఉంటుంది.

ఇంజను వదిలే ఊపిరిలో మూడు విషాలుంటాయి. వాసన, రంగు లేకుండా మనిషి రక్తంలోకి చేరి ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. సగం కాలిన పెట్రోలు ఆవిరి ఒకటి. ఎండలో పొగమంచులా కమ్మి గొంతు మండించే నైట్రోజన్ ఆక్సైడ్లు ఇంకొకటి. అవి నా గదుల్లోంచి దూరిపోయే రెప్పపాటు కాలంలోనే మొదటిదాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా, రెండోదాన్ని అదే వాయువుగా, నీటి ఆవిరిగా, మూడోదాన్ని మామూలు నైట్రోజన్‌గా మార్చి పంపేస్తాను. ఇంత పని చేసినా నా లోహం ఏమీ ఖర్చయిపోదు. బాగా చూసుకుంటే కారు ఉన్నన్నాళ్లూ ఉండగలను.

మా వంశానికి ఆద్యుడు యూజీన్ హౌడ్రీ. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు. లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకుంటున్న పొగ చూసి దిగులు పడి, 1950ల్లో ఆయన మా తొలి రూపం తయారుచేశాడు. కానీ అప్పటి పెట్రోలు నిండా సీసం. సీసం మా లోహం మీద పేరుకుంటే ఇక ఊపిరాడదు. 1962లో ఆయన కన్ను మూశాడు. మా వాళ్లు అమెరికా కార్లలోకి మామూలుగా ఎక్కింది 1975 నమూనాలతో. తన బిడ్డ రోడ్డెక్కడం ఆయన చూడలేకపోయాడు. సీసం మీద మా కోపం తరాల నాటిది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు మమ్మల్ని తప్పనిసరి చేశారు, మా కోసం సీసం లేని పెట్రోలూ అక్కడి బంకులకు వచ్చింది. దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది 2000 ఫిబ్రవరి 1న.

నేను పుట్టింది 2018లో. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ నాలుగు నిబంధనలు దేశమంతా అమల్లోకి వచ్చాయి. చెన్నై నుంచి ఓడలో, మూడు సిలిండర్ల చిన్న కారు కడుపులో కూర్చుని, దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి హాడో రేవులో దిగాను. ఏఎన్ 01 నంబరు పలక పడింది. కారు కొన్నది ఒక బడి మాస్టారు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చారట. ఇక్కడ అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవులో సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. ఈ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అయింది. మాస్టారింట్లో మాత్రం ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే.

నేను గర్వంగా తలుచుకునే ప్రయాణం ఒకటుంది. ఒక జనవరిలో ఇంటిల్లిపాదీ బారాటాంగ్ బయల్దేరారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారకముందే బళ్లు బారులు తీరాయి. అక్కడి నుంచి రోడ్డు జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. బళ్లన్నీ ఒకే వరసలో, పోలీసుల కాపలాతో వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ ఏమీ పెట్టకూడదు. రెండు పక్కలా ఆకాశం కనపడనివ్వని చెట్లు. ఆ పొద్దు నేను బాగా కాగి, నిండు శక్తితో పని చేశాను. వేల ఏళ్లుగా ఆ గాలి పీలుస్తున్న మనుషుల అడవిలోకి మా కారు నుంచి విషం పోనివ్వలేదు. ఎవరూ చూడకపోయినా ఆ రోజు నా పని నేను చేశాననే తృప్తి ఇప్పటికీ ఉంది.

అలాంటి దూరాలు ఏడేళ్లలో నాలుగైదు సార్లు. మిగతాదంతా ఇంటి నుంచి బజారుకి కిలోమీటరు, బజారు నుంచి బడికి మూడు. నేను మూడు వందల డిగ్రీల దాకా వేడెక్కితే గాని పని అందుకోలేను. చల్లటి ఇంజను తిప్పిన మొదటి ఒకటి రెండు నిమిషాలు పొగంతా నా లోంచి కడగకుండానే పోతుంది. కిలోమీటరు దూరానికి ఆ నిమిషాలే సగం ప్రయాణం. అలా తిరిగే బండిలో స్పార్క్ ప్లగ్గులకు మసి పడుతుంది. దానికి తోడు ఉప్పు గాలి. మూడో సిలిండర్ మీది ఇగ్నిషన్ కాయిల్ పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. ఒకరోజు ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు కారు వణికింది. మూడో సిలిండర్లో నిప్పురవ్వ పుట్టలేదు. పెట్రోలు కాలకుండానే నా మీదకి వచ్చి పడింది.

కాలని పెట్రోలు నా గదుల్లోకి వస్తే అక్కడే మండుతుంది. నన్ను పనికి మలిచింది నాలుగు వందల నుంచి ఎనిమిది వందల డిగ్రీల వేడికి. ఇది వెయ్యి దాటేస్తుంది. ముందు పూత చస్తుంది, తర్వాత పింగాణీయే మెత్తబడి కరుగుతుంది. ఆ సంగతి చెప్పడానికే మాస్టారి ఎదుట ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ లైటు పెట్టారు. నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించమని. మిణుకుమిణుకుమంటే ఇప్పుడే కన్వర్టర్ కాలిపోతోందని. మీ బండిలో అది మిణుకుమంటే పక్కకి తీసి ఆపండి, బజారు పని రేపు చూసుకోవచ్చు.

మాస్టారు ఆపలేదు. "బండి నడుస్తోందిగా" అనుకున్నారు. ఒక షెడ్డులో చూపిస్తే అక్కడి కుర్రాడు తప్పు ఏమిటో చదవకుండానే మెషీన్ పెట్టి లైటు తుడిచేసి రెండొందలు తీసుకున్నాడు. వారానికి మళ్లీ వెలిగింది. మళ్లీ తుడిపించారు. నేను ఒక పక్క కాలుతున్నాను, వాళ్లు నా కేక వినిపించకుండా చేస్తున్నారు. మాస్టారి మీద నాకున్న బాధ ఇదే. పిల్లవాడు ఒకసారి తప్పు రాస్తే ఎందుకు రాశాడో అడిగి తెలుసుకునే మనిషి. నన్నొక్కసారి అడగలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. నా లోపలి పింగాణీ జాలీ మధ్య భాగం కరిగి గడ్డకట్టింది. ఒక ముక్క విరిగి లోపల గలగలలాడేది. పొగ పోయే దారి మూసుకుపోవడంతో కారుకి బలం చాలలేదు. ఈ ఊళ్లో చదును రోడ్డు తక్కువ. సెల్యులార్ జైలు వైపు ఎక్కేటప్పుడు మొదటి గేరులో కూడా మూలిగేది. కాలుష్య పరీక్షకి తీసుకెళితే 0.3 శాతం దాటకూడని కార్బన్ మోనాక్సైడ్ ఎంతో దాటింది. సర్టిఫికెట్ ఇవ్వలేదు. అప్పుడు వచ్చారు ఈ షెడ్డుకి.

ఇక్కడి మెకానిక్ సోంపేట వైపు మనిషి. ముందు లైటు సంగతే అడిగాడు.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఎలుగుతోంది మాస్టారూ?"

"ఎనిమిది నెలలవుతుందేమో బాబూ. మధ్యమధ్య మిణుకుతుంది."

అతను ఏమీ అనలేదు. మెషీన్ పెట్టి చదివాడు. పి 0303 అంటే మూడో సిలిండర్ మండడం లేదని. పి 0420 అంటే నా శక్తి అయిపోయిందని. నాకు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. నేను బతికుంటే ముందుది ఊగుతూ ఉంటుంది, వెనకది నిలకడగా ఉంటుంది. అప్పుడు రెండూ ఒక్కలాగే ఊగుతున్నాయి.

పక్కనున్న ఒకాయన సలహా ఇచ్చాడు. "కొత్తదెందుకు? కడ్డీ పెట్టి లోపలి జాలీ పొడిచేస్తే ఖాళీ గొట్టమవుతుంది, బండి పరిగెడుతుంది." వింటూ వేలాడుతున్నాను. అలా పొట్ట చీల్చిన నా తోటివాళ్లు ఎన్ని బళ్ల కింద తిరుగుతున్నారో. పైకి డబ్బా ఉంటుంది, విషం నేరుగా బడిపిల్లల ముక్కుల్లోకి పోతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలు తప్పిన బండి నడిపితే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. మెకానిక్ ఆ మాట ఎత్తలేదు. "మీ బడి గేటు ముందే కదండీ ఈ బండి రోజూ ఆగేది" అన్నాడు. మాస్టారు తల దించుకున్నారు. కొత్తది తెప్పించమన్నారు.

కొత్తది చెన్నై నుంచి ఓడ మీద రావాలి. సముద్రం బాగోక పదకొండు రోజులు పట్టింది. వచ్చాక, ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు తీసి, నా మీద ఉన్న వేడి కవచం విప్పాడు. సెన్సర్లు వైర్లు మెలిపడకుండా తీశాడు. నట్లకి ముందురోజు రాత్రే నూనె పట్టించాడు. అయినా ఉప్పు గాలికి తుప్పు పట్టిన ఒక స్టడ్డు విరిగింది. దాన్ని తీయడానికే పూట గడిచింది. పాత గాస్కెట్టు మళ్లీ వాడలేదు.

అన్నిటికంటే ముందు అతను చేసిన పని వేరే ఉంది. కొత్తదాన్ని పెట్టెలోంచి తీయకముందే మూడో సిలిండర్ కాయిలూ, మూడు ప్లగ్గులూ మార్చి, ఇంజను వణకడం ఆగిందో లేదో చూసుకున్నాడు. రోగం అలాగే ఉంచి నా స్థానంలో ఇంకొకదాన్ని పెడితే దానికీ నా గతే పడుతుంది. కాయిలు, ప్లగ్గుల బిల్లు మూడు వేల లోపు. కొత్త కన్వర్టర్ బిల్లు దానికి పది రెట్లకు పైనే.

తర్వాత నన్ను ఇక్కడికి విసిరేశారు. మొన్న పాత ఇనుము కొనేవాడొచ్చి నన్ను కాలితో తన్ని చూసి, ఇనుము ధరకి కిలోల్లెక్కన అడిగాడు. నా ఒంట్లో ఉన్న రోడియం 2021లో ఔన్సు ఇరవై వేల డాలర్లు దాటిన లోహం. ప్లాటినం, రోడియం ఎక్కువగా దక్షిణాఫ్రికా గనుల లోతుల్లోంచి వస్తాయి. టన్ను రాయి పిండితే దొరికేది కొన్ని గ్రాములే. నేను కరిగిపోయినా ఆ లోహంలో చాలా భాగం ఇంకా నాలోనే ఉంది, తీసి మళ్లీ వాడవచ్చు. మెకానిక్‌కి ఆ సంగతి తెలుసు. ఇవ్వనన్నాడు. శుద్ధి చేసేవాళ్లకి పంపడానికి, నాలాంటి ఇంకో ఇద్దరితో కలిపి గోనెసంచిలో కట్టి వచ్చే ఓడకి చెన్నై పంపుతానని చెప్పాడు. సంచి ఇంకా రాలేదు.

ఇవాళ ఎనిమిదింటికి మాస్టారి కారు షెడ్డు ముందు నుంచే బడికి వెళ్లింది. చూడలేదు, విన్నాను. మూడు సిలిండర్లూ కొడుతున్నాయి.