రంపశాస్త్ర ప్రవేశిక

శాస్త్రమన్నాక నామనిర్ణయంతో మొదలుపెట్టాలి. కట్టె కోసే పనిముట్టును కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ రంపమనే అంటారు. ఇంతటితో నామప్రకరణం ముగించవచ్చు. కానీ అంత సులువుగా ముగిసేదాన్ని శాస్త్రమని ఎవరూ ఒప్పుకోరు. అందుకని కామారెడ్డి జిల్లా పటం విప్పుదాం.

2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి కోసి తీసిన జిల్లా ఇది (ఆ కోత రంపంతో కాదు, ఉత్తర్వుతో జరిగింది). దాని పడమటి కొసన జుక్కల్, మద్నూర్ ఉన్నాయి. మద్నూర్ దాటి దెగ్లూర్ చేరితే మన రంపం మరాఠీలో కరవత అవుతుంది. బీదర్ వైపు తిరిగితే కన్నడంలో గరగస అవుతుంది. అమరసింహుడు తన కోశంలో రంపానికి ఇచ్చిన పేర్లు క్రకచం, కరపత్రం. మొదటిది అరిగి అరిగి కన్నడానికి, రెండోది మరాఠీకి దక్కాయి. తెలుగువాళ్లం రెండూ వద్దనుకుని సొంత మాట పెట్టుకున్నాం. ఖాళీగా పడి ఉన్న కరపత్రాన్ని మాత్రం వదలక, చేతికిచ్చే కాగితానికి తగిలించాం.

దీన్ని అర్థం మారిపోవడమంటారు పండితులు. నేను ఒప్పుకోను. 2023 నవంబరు ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు, కొద్ది రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో పోటీ చేశారు. ఇద్దరి కరపత్రాలూ ఇంటింటికీ అందాయి. ఇద్దరూ ఓడారు, వెంకటరమణారెడ్డి గెలిచారు. కరపత్రానికి కోసే గుణం పోలేదనడానికి ఇంకేం ప్రమాణం కావాలి?

ఇక అవయవ ప్రకరణం. రంపానికి పళ్లున్నాయి, నోరు లేదు. కొరుకుతుంది, మింగదు. పళ్లన్నీ ఒకే వరసలో ఉన్నట్టు కనిపించినా నిజానికి ఒకటి కుడికి, పక్కది ఎడమకి కొద్దిగా వంగి ఉంటాయి. అలా వంచకపోతే కోత రేకు మందమే పడుతుంది, కొంత లోపలికి దిగేసరికి రేకు కట్టెలో బిగుసుకుపోతుంది. వంపు ఒక పక్క ఎక్కువైతే రంపం గీత వదిలి ఆ పక్కకే పోతుంది. మొద్దుబారిన పళ్లకు వడ్లాయన ముక్కోణపు ఆకురాయి పెడతాడు. అప్పుడు జివ్వుమనేవి మాత్రం చుట్టూ నిలబడ్డవాళ్ల పళ్లు. పళ్లకూ పళ్లకూ బంధుత్వం ఉందనడానికి ఇది ప్రత్యక్ష ప్రమాణం.

రంపం లాగితే తెగాలా, తోస్తే తెగాలా అన్నది ఈ శాస్త్రంలో పెద్ద తగవు. నేలమీద కూర్చుని, కట్టెను కాలితో అదిమిపట్టి కోసేవాడికి లాగడమే వీలు. జపాను రంపాలు ఇప్పటికీ లాగితేనే తెగుతాయి. లాగినప్పుడు రేకు సాగి నిటారుగా ఉంటుంది కనుక పల్చగా ఉన్నా చాలు. యూరప్ పద్ధతి బల్ల దగ్గర నిలబడి తోసేది. తోపుకు వంగకూడదు కాబట్టి రేకు మందంగా ఉండాలి. (ఆఫీసులో ఫైలు లాగితే కదులుతుందా, తోస్తే కదులుతుందా అన్నది వేరే శాస్త్రం. అందులో నాకు ప్రవేశం లేదు.)

రెండు పిడుల రంపానికి ఈ తగవు లేదు. ఎవరి వంతుకు వాళ్లు లాగాలి, అవతలివాడు లాగేటప్పుడు ఊరుకోవాలి, తోయకూడదు. ఈ రంపం ఎంత పాతదంటే, దొంగలు దానితో ఒళ్లు ముక్కలుగా కోస్తున్నా మనసులో ద్వేషం రానీయవద్దని మజ్ఝిమ నికాయంలోని కకచూపమ సూత్రంలో బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు. జైమిని భారతంలో కుడి సగం దానమివ్వడానికి మయూరధ్వజుణ్ణి భార్యా కొడుకూ చెరో పక్క నిలబడి కోస్తుంటే ఆయన ఎడమ కన్ను మాత్రమే నీరు కార్చింది. తన ఎడమ సగం ఎవరికీ పనికిరాకుండా పోతోందని ఏడ్చిందట. శాస్త్రదృష్టితో చూస్తే ఇది వృథా అయిపోయే భాగం గురించి పెట్టిన మొదటి ఫిర్యాదు. రంపశాస్త్రానికి గుండెకాయ కూడా అదే.

ఎల్లారెడ్డి వైపు అడవి ఉంది, కామారెడ్డి వైపు రైలు ఉంది. ఆ రెంటి మధ్య దూలాలు పలకలవుతూ ఉంటాయి. మిషిన్లు రాకముందు దూలాన్ని ఎత్తుమీద పెట్టి ఒకడు పైన, ఒకడు కింద నిలబడి నిలువునా కోసేవారు. పైవాడికి గీత కనిపించేది, కిందివాడికి పొట్టు కనిపించేది. సాయంత్రం కట్టె ఆసామి వచ్చి పలకలు లెక్కపెట్టేవాడు.

"పది రావాలె గద వడ్లన్నా?"

"పొట్టుల వోయింది పటేలా."

పూర్వపక్షం, సిద్ధాంతం రెండూ ఇందులోనే ముగిశాయి. నాకు మిగిలింది వ్యాఖ్యానం. దూలం మందం 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. అంగుళం పలకలు తొమ్మిదింటికి 228.6 పోయాయి. తొమ్మిది పలకలకు ఎనిమిది కోతలు. కోతకు 3 చొప్పున 24 మిల్లీమీటర్లు పొట్టయింది. మిగిలిన 1.4 చివరి పలకకు కొసరు. ఆ 24కి ఈ 1.4 కలపండి: 25.4. కచ్చితంగా ఒక అంగుళం. పదో పలకను ఎవరూ దొంగిలించలేదు. ఈ లెక్క తెలియక ఎందరు ఆసాములు ఎందరు వడ్లాయనలను అనుమానించి ఉంటారో! చెట్లు కొట్టే గొలుసు రంపం కోతకు ఇంతకు రెండింతలు తింటుంది. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు, మోత అంత గట్టిగా ఉంటుంది కాబట్టి.

పదో పలక పనికిమాలినదని అనుకోవద్దు. పొట్టు పొయ్యిలో కూరి అంటిస్తే కట్టె లేకుండా అన్నం ఉడుకుతుంది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి ఓడల్లో బయలుదేరిన మంచుగడ్డలు దారిలో కరిగిపోకుండా కాచింది రంపపు పొట్టే. ఆ మంచు దాచడానికి మద్రాసు సముద్రపొడ్డున 1842లో ఐస్ హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ ఇంట్లోనే. తొమ్మిది పలకల్లో ఏ ఒక్కటీ ఇంత ప్రయాణం చేసి ఉండదు.

కాబట్టి సామిల్లుకు దూలం తీసుకుపోయేవారికి ఒక్క మాట. పలకల లెక్క గురించి తగాదా పడకండి, వెంట ఒక బస్తా తీసుకుపోండి. పొట్టు కూడా మీదే.