అయిపాయె సారు

గద్వాల నుంచి ఫోన్ చేస్తే వనపర్తిలో ఉంటాడు. వనపర్తిలో వెతికితే నాగర్‌కర్నూలు బస్సెక్కి ఉంటాడు. నాగర్‌కర్నూలులో అడిగితే "ఇప్పుడే గద్వాలకు పోయిండన్నా" అంటారు. 2016 అక్టోబర్‌లో పాలమూరు నుంచి విడిపోయి ఈ మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ, సర్వర్లు చూసే మనిషి మాత్రం ఉమ్మడి ఆస్తిగానే మిగిలాడు. అసలు పేరేదో బిల్లుపుస్తకం మీద ఉంటుంది. జనం నోట 'అయిపాయె సారు'. పని చెప్పడం పూర్తికాకముందే "అయిపాయె సార్, ఇగ మరిచిపోండ్రి" అంటాడు మరి.

మాది పత్తి విత్తనాల వ్యాపారం, నేను లెక్కలు రాసేవాణ్ణి. కొనుగోళ్ల సీజన్లో ఓ పొద్దున సర్వర్ మొరాయించింది. సంచి కాంటా ఎక్కుతోంది, స్లిప్పు రావడం లేదు. రైతు బీడీ ముట్టించి, తాగి, ఆర్పేశాక అప్పుడు వస్తోంది.

మూడు ఫోన్ల తర్వాత దిగాడు. వస్తూనే మొదటి ప్రశ్న: "క్యాష్ ఎంతుంది సేటూ?"

సేటు చెయ్యి గల్లాపెట్టె తాళం మీదికి పోయింది.

"ఆ క్యాష్ కాదు, డిస్కు క్యాష్. జూరాల లేదా? పైనుంచొచ్చిన నీళ్లు జర ఆపి శ్రీశైలానికి వదుల్తది సూడు, గట్లనన్నమాట."

పోలిక బాగానే ఉంది. జూరాలలో పది టీఎంసీలు కూడా పట్టవు, పెద్ద వరదొస్తే వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి పోతాయి. క్యాష్ నిండినా అంతే, డిస్కు ఎంత మింగితే అంతే వేగం. ఈ ముక్క మాత్రం ఆయన చెప్పలేదు.

ఓ పెద్ద ఫైలు రాయించి చూపించాడు. "సెకనుకు జీబీన్నర! గుర్రం లెక్క ఉరుకుతుంది సార్." నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులు నాలుగు. చుట్టు ఒక్కటికే ఎనిమిది మిల్లీసెకన్ల పైమాట. అవి జీబీన్నర రాశాయంటే, రాయలేదనే అర్థం. ఫైలు ర్యామ్‌లో కూర్చుంది. లైనక్స్ 'రాశా'నని మాటిచ్చేసి, ఆనక అరనిమిషానికో ఎప్పుడో తీరిగ్గా డిస్కుకు దించుతుంది. అచ్చం మనవాడే.

తర్వాత ర్యామ్ ఖాళీ లేదని కంగారుపడి డ్రాప్ క్యాషెస్‌లో 3 కొట్టాడు. చేతికందేచోట ఉన్న రైతుల జాబితా కాస్తా ఎగిరిపోయి మళ్లీ డిస్కు నుంచి మొదలు. ఈసారి రెండు బీడీలు.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో చదివి మా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల మెల్లగా అడిగింది: "సార్, ఆ కార్డు రోజూ కూస్తుండె గదా. ఇప్పుడెందుకు కూస్తలేదు?"

"మొన్న నేనే నోరు మూయించిన బిడ్డా. చెవులు పగులుతుండె."

అదీ సంగతి. డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కార్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నది కాపాడేది అదే కనుక, అది లేనప్పుడు కార్డు తనను తానే నమ్మదు. రైట్ బ్యాక్ మానేసి రైట్ త్రూకి దిగుతుంది, అంటే డిస్కు మీద పడితే గానీ 'అయింది' అనదు. పైగా మాది రెయిడ్ 5. చిన్న స్లిప్పు ఒక్కటి రాయాలన్నా రెండుసార్లు చదివి రెండుసార్లు రాయాలి.

"ఓస్, గింతేనా!" అని బ్యాటరీ లేకున్నా రైట్ బ్యాక్ బలవంతంగా పెట్టేశాడు. "అయిపాయె సార్." సంచి దించకముందే స్లిప్పు చేతికొచ్చింది. సేటు మిర్చిబజ్జీలు తెప్పించాడు.

నాలుగు గంటలకు కరెంటు పోయింది. యూపీఎస్ లేదా అంటారేమో, దాని బ్యాటరీలు మార్చింది కూడా ఆయనే, అంటే నోటితో. చివరి స్లిప్పులు పోవడమే కాదు, డేటాబేసు తెరుచుకోనంది. రాత్రి బ్యాకప్ ఎక్కించి, పొద్దుట్నుంచీ పడిన స్లిప్పులన్నీ కార్బన్ కాపీలు చూసుకుంటూ మళ్లీ కొట్టాం. ఆయనకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

మూడోరోజు వచ్చాడు. "ఎర్రవల్లి చౌరస్తల బస్సు దొరకలె సార్, ఫోన్ల ఛార్జింగ్ లే." సంచిలో కొత్త బ్యాటరీ మాత్రం ఉంది. బలవంతపు రైట్ బ్యాక్ తీసేసి అది బిగించాడు, కాసేపు ఛార్జి కానిచ్చాడు, కార్డు తనంతట తనే రైట్ బ్యాక్‌లోకొచ్చింది. బిల్లు రాసి సేటు ముందు పెట్టాడు.

సేటు ఫోన్ మీద వేలు ఆడించి పక్కన పెట్టేశాడు. "అయిపాయె, పంపిన."

అయిపాయె సారు కదల్లేదు. తన ఫోన్‌లో టింగుమని మెసేజ్ మోగేదాకా గల్లాపెట్టె ముందే నిలబడ్డాడు.