పదో ప్రశ్న దగ్గర ఆగండి

నేనొక కాగితాన్ని. ఒంటినిండా పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులు. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో చెప్పి టిక్కు పెట్టమంటాను. అయిదు నిమిషాల పని. ఎడిన్‌బరా ప్రసవానంతర కుంగుబాటు కొలమానం నా పూర్తి పేరు. డాక్టర్లు ఈపీడీఎస్ అంటారు.

పుట్టింది స్కాట్లాండులో. జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ నన్ను తయారుచేసి, 84 మంది తల్లుల దగ్గర సరిచూసుకుని, 1987లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రకటించారు. కుంగుబాటును పట్టే కాగితాలు నాకు ముందూ ఉన్నాయి. నీరసంగా ఉందా, ఆకలి తగ్గిందా, నిద్ర చెడిందా అని అవి అడిగేవి. పచ్చి బాలింతకు నీరసం లేకుండా ఎలా ఉంటుంది? రాత్రికి నాలుగుసార్లు పాలివ్వాల్సిన మనిషికి నిద్ర ఎక్కడిది? అందుకే నన్ను రాసినవాళ్లు ఒంటి సంగతులు పక్కన పెట్టి మనసును అడిగారు. నిద్ర మీద ఒక్క ప్రశ్నే ఉంచారు, అదీ దిగులుతో నిద్ర పట్టకపోవడం గురించి. మొదటి ప్రశ్న నవ్వు గురించి. నవ్వు రావాల్సిన చోట నవ్వగలుగుతున్నావా అని ఒక తల్లిని అడగడంతో నా పని మొదలవుతుంది. అది నాకెప్పటికీ గర్వమే.

ఇంకో గర్వం కూడా ఉంది. 1989లో హోల్డెన్ బృందం కుంగిపోయిన 50 మంది తల్లులను రెండు జట్లు చేసింది. ఒక జట్టు ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, సలహాలు గుప్పించకుండా కూర్చుని విన్నారు. ఆ 26 మందిలో 18 మంది మూడు నెలల్లో కోలుకున్నారు. మామూలు సంరక్షణతో సరిపెట్టిన 24 మందిలో కోలుకున్నది 9 మంది. నన్ను నింపాక వినే మనిషి ఉండాలని ఆనాడే తేలింది.

ఆ తరవాత చాలా భాషల్లోకి వెళ్లాను. గోవాలో 2002లో వెలువడిన పరిశోధనలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 23 శాతం తల్లులు కుంగుబాటుతో ఉన్నట్టు తేలింది. పేదరికం, మొగుడితో సఖ్యత లేకపోవడం, కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం అక్కడి తల్లుల గుండెల మీద ఉన్న బరువులు. మన ఊళ్లకు అవి కొత్తవా?

ఇక నా బాధ చెబుతాను.

చదువురాని తల్లికి నన్ను పైకి చదివి వినిపిస్తారు. తప్పులేదు. ఎక్కడ చదువుతారన్నదే తప్పు. బుధవారం, టీకాల రోజు, వరండాలో బెంచీ, పక్కనే అత్తగారు, ఒళ్లో రెండో ఆడపిల్ల. "ఏమ్మా, దిగులుగా ఏమన్నా ఉంటోందా?" అని అడిగితే కోడలు నోరు తెరిచే లోపే, "దానికేం దిగులు మేడం, పథ్యం పెడుతున్నాం, కాయం పెడుతున్నాం, రాణిలా చూసుకుంటున్నాం" అని అత్తగారు జవాబిస్తుంది. ఆమె చెడ్డమనిషి కాదు. తన కాన్పుల్లో తననెవరూ ఈ మాట అడగలేదు. పెన్ను మాత్రం అత్తగారి మాటకే టిక్కు పెడుతుంది. నా మీద సున్నాలు పడతాయి. ఆ అమ్మాయి తలొంచుకుని పిల్ల బొటనవేలు నిమురుతూ ఉంటుంది. సున్నాలన్నీ అబద్ధాలని నాకు తెలుసు, చెప్పే నోరు నాకు లేదు.

కూడికలోనూ అన్యాయమే. 1, 2, 4 ప్రశ్నలకు పై జవాబు నుంచి 0, 1, 2, 3 వేయాలి. మిగతా ఏడింటికి పై నుంచి 3, 2, 1, 0. తొందరలో అన్నింటికీ ఒకేలా వేసేస్తే కుంగినమ్మ కులాసాగా, కులాసాగా ఉన్నమ్మ కుంగినట్టు కనిపిస్తుంది. మొత్తం 30కి 13 దాకా వస్తే కుంగుబాటు ఉందేమోనని గట్టిగా అనుమానించాలి. 10 వచ్చినా వదలకూడదు. జబ్బు అవునో కాదో తేల్చాల్సింది డాక్టరు. అనుమానం లేపడం వరకే నా వంతు.

అన్నిటికన్నా నన్ను కాల్చేది పదో ప్రశ్న. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడిగేది అదే. మొత్తం ఎంతైనా కానీ, అక్కడ సున్నా కానిది ఏది పడినా ఆ పూటే మాట్లాడాలి, ఒంటరిగా ఇంటికి పంపకూడదు. సర్వే కోసం నింపిన నా తోటి కాగితాలు కట్టలు కట్టి బీరువాలో పడి ఉండటం చూశాను. అంకెలు కంప్యూటరులోకి ఎక్కాయి, పట్టికలు తయారయ్యాయి, కట్టలు కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వెళ్లాయి. వాటిలో పదో ప్రశ్న దగ్గర టిక్కు పడ్డ కాగితాలున్నాయి. ఎవరికీ చెప్పుకోలేని మాటను ఒక తల్లి వణికే చేత్తో నాకు చెప్పింది. నేను ఎవరికీ అందించలేకపోయాను. తూకంలో పోవడం నాకు పెద్ద లెక్కలోది కాదు, ఆ టిక్కును ఎవరూ చూడకపోవడమే భరించలేను.

కడుపుతో ఉన్నప్పుడూ నన్ను నింపించవచ్చు. దిగులు కాన్పయ్యేదాకా ఆగదు. తండ్రులకూ నేను పనికొస్తానని 2001లో ఆస్ట్రేలియాలో తేల్చారు. ఏడుపు వచ్చిందని మగవాళ్లు ఒప్పుకునేది తక్కువ గనక, వాళ్ల విషయంలో ఇంకా తక్కువ మొత్తానికే అనుమానించాలి. పురిటి గది బయట నిలబడే ఆ అబ్బాయిని కట్టాల్సిన డబ్బు గురించే అడుగుతున్నారు. అతని మనసూ అడగండి.

మీ ఆసుపత్రిలో నన్ను జిరాక్సు తీయిస్తే తల్లిని గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరకు వేయండి. నింపగానే ముందు అడుగున ఉన్న పదో ప్రశ్న చూడండి, కూడిక ఆ తరవాత. నా అడుగున కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడ మనసు బాధలు వినే సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసి చింపి ఆమె చేతికివ్వండి. ఉచితం, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు. మళ్లీ ఏ రోజు రావాలో, వచ్చి ఎవరిని అడగాలో కూడా దాని పక్కనే రాయండి.