కొళాయికి నిత్యకళ్యాణం

పోలవరం అనగానే ఢిల్లీలో అందరికీ డ్యామ్ గుర్తొస్తుంది. ఆయ్, మాది అది కాదండి. అది ఎగువన నీళ్లు ఆపే పోలవరం. మాది దిగువన కోనసీమలో, నీళ్ల కోసం ఆగే ఐ.పోలవరం. చుట్టూ గోదావరి పాయలు, ఆ పక్కనే సముద్రం, నడుమ మేము. ఇన్ని నీళ్ల మధ్య ఉండి కూడా 20 లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నామంటే మా దర్జా ఏపాటిదో మీరే ఊహించుకోండి.

వేసవి వస్తే ఏటిలో ఉప్పు నీరు ఎగదన్నుతుంది. బోరు వేస్తే చాలా చోట్ల అదే రుచి. తాగడానికి దిక్కు కాలువ నీరే. ఆ నీరు ధవళేశ్వరంలో బయల్దేరి, అన్నంపల్లి అక్విడెక్టు ఎక్కి, గోదావరి పాయను దాటి మరీ వస్తుంది. అంటే గోదావరి నెత్తి మీంచి గోదావరిని తెచ్చుకుంటాం. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే మంచినీళ్ల చెరువులో నిల్వ ఉన్నదే ప్రాప్తం. అదీ అడుగంటితే టిన్నే గతి.

అలాగని ప్రపంచం మమ్మల్ని మరిచిపోయిందనుకుంటే పాపం తగులుతుంది. 1980 నవంబరు 10న ఐక్యరాజ్యసమితి మంచినీళ్ల దశాబ్దానికి శ్రీకారం చుట్టింది. 1990కల్లా అందరికీ సురక్షితమైన నీరు, మరుగుదొడ్డి అంది. 1990 వచ్చింది, నీళ్లు రాలేదు. ఆ ఏడాది ఢిల్లీలోనే ప్రపంచ సభ పెట్టి, కొందరికి ఎక్కువ ఇవ్వడం కంటే అందరికీ కొంత ఇవ్వడం మేలని తేల్చారు. 2000లో బేరం ఇంకా తగ్గింది. నీళ్లు లేనివాళ్ల శాతాన్ని 2015కల్లా సగానికి దించితే చాలన్నారు. ఆ లక్ష్యాన్ని 2010లోనే కొట్టేశామని 2012లో చాటింపు వేశారు. అయిదేళ్లు ముందే! కిటుకు ఏమిటంటే, చేతిపంపు ఉంటే నీళ్లున్నట్టే లెక్క. ఆ నీళ్లలో ఉప్పుందా, ఫ్లోరైడ్ ఉందా అని పంపును ఎవరూ అడగలేదు. నల్గొండలో ఆ నీళ్లు తాగి నడుము వంగినవాళ్లు కూడా ఆ లెక్కలో నీళ్లున్నవాళ్లే.

2015లో మళ్లీ మొదటికొచ్చి, 2030కల్లా అందరికీ అన్నారు. మనవాళ్లేం తక్కువ తిన్నారా? 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ పెట్టి, 2024కల్లా ఇంటింటికీ కొళాయి అన్నారు. ఇప్పుడది 2028కి జరిగింది. నీళ్లకు ఎద్దడి ఉందేమో గానీ గడువులకు ఏనాడూ లేదు.

డబ్బుకూ లేదు లెండి. ఉమ్మడి రాష్ట్రంలో పల్లెల నీళ్లకూ పారిశుధ్యానికీ 2009లో ప్రపంచ బ్యాంకు 15 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 2015లో స్వచ్ఛ భారత్ కోసం దేశానికి 150 కోట్ల డాలర్లు ఇస్తామంది. రెండూ అప్పులే. ఇక ఊరు కూడా తన వాటా వేసుకోవాలి. జల్ జీవన్‌లో ఊళ్లో జరిగే పనికి మామూలుగా 10 శాతం. ఎందుకంటే పల్లెటూరివాడికి పథకం ‘మాది’ అనే భావన కలగాలట. విశాఖలో ఫ్లాటులో షవర్ తిప్పే పెద్దమనిషికి ఆ భావన కలిగిందో లేదో మాత్రం ఎవరూ వాకబు చేయరు.

మరుగుదొడ్ల కథ ఇంకా రమ్యం. మెట్ట నేలకు కుదిరే జంట గుంతల నమూనానే మా లంకలకూ పంపారు. ఇక్కడ గుంత తవ్వితే ముందు ఊరేది నీళ్లే. 2019 అక్టోబరు 2న పల్లె భారతమంతా బహిర్భూమి నుంచి విముక్తమైందని ప్రకటించారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ప్రకటన చదువుకోని గోదారమ్మ కోనసీమ లంకల్లో గుంతల్నీ, బోర్లనీ, వీధుల్నీ ఏకం చేసింది.

ఇంతకీ మా ఊరికి ఓ పరిశీలన బృందం వచ్చిందనుకోండి. సంభాషణ ఇలా ఉంటుంది:

“ఏమ్మా, కొళాయి ఉందా?”

“ఆయ్, ఉందండి. దానికే గేదెను కట్టేస్తున్నామండి.”

“వెరీ గుడ్. కొళాయి వాడుకలో ఉంది.” టిక్కు.

“బాబూ, నీళ్లు రావట్లేదని కూడా రాసుకోండి.”

“దానికి ఈ ఫారంలో గడి లేదమ్మా.”

మా పక్కనే మురమళ్లలో వీరేశ్వరస్వామికి నిత్యకళ్యాణం జరుగుతుంది. నీళ్ల పథకాలదీ అదే వైభోగం. ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ దాత వచ్చినా కొత్త పందిరి, కొత్త శిలాఫలకం, కొత్త పెళ్లి. దేవుడి పెళ్లికి కాపురం ఖర్చు ఉండదు గానీ పంపు పెళ్లికి ఉంటుంది. మోటారు కాలితే చుట్టించాలి, ఫిల్టరులో ఇసుక కడగాలి, కరెంటు బిల్లు కట్టాలి, నీళ్లు వదిలే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఇలాంటి ఖర్చులకు డాలర్లూ రావు, రిబ్బన్లూ ఉండవు. మోటారు చుట్టించిన సర్పంచి ఫోటో ఏ పేపర్లోనైనా చూశారా? ఇది మా ఒక్కరి గొడవ కాదు. సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో చేతిపంపుల్లో సుమారు మూడింట ఒక వంతు పనిచేయడం లేదని నీళ్ల రంగంలోని వాళ్లే 2009 నాటికి లెక్క తేల్చారు. పంపుకు డబ్బిచ్చినవాళ్లు వాషరుకు ఇవ్వలేదు మరి.

కాబట్టి అయ్యా, దాతలారా, నేతలారా, ఈసారి మా ఊరికి వచ్చేటప్పుడు శిలాఫలకం మీద మీ పేర్లు ఎంత పెద్దవైనా చెక్కించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కింద మూడు వరుసలు మాత్రం ఖాళీ వదలండి. నీళ్లు వదిలే మనిషికి పదేళ్ల జీతం ఎవరిస్తారు? మరమ్మతు ఖాతాలో ఎంత ఉంది? కాలువలు కట్టేశాక చెరువు నీళ్లు ఎన్ని రోజులొస్తాయి? ఈ మూడింటికీ జవాబులు రాసినవాడే రిబ్బను కత్తిరించాలి. రాయలేనివాడికి కొబ్బరి బొండం ఇచ్చి, మర్యాదగా యానాం వంతెన దాకా సాగనంపుతాం.